తలపాగా కొస పట్టినవాడు

అనగనగా, నదులు మనుషుల కబుర్లు వింటూ మెల్లగా పారే రోజుల్లో, ఒక పెద్ద నది నడుమ ఒక లంక ఉండేది.

నది అక్కడికి వచ్చేసరికి రెండు పాయలుగా చీలి, ఆ లంకని రెండు చేతులా కావిలించుకుని, దాటగానే మళ్ళీ ఒక్కటయ్యేది. పొద్దున్నే గట్టు ఎక్కి చూస్తే నది మెడలో ఎవరో పచ్చల పతకం వేశారా అనిపించేది. అందుకే దానికి పతకాల లంక అని పేరు.

ఆ లంకకి రాజు లేడు. కోట లేదు. ఖజానా అసలే లేదు. ఉన్నదల్లా ఒక్క తలపాగా.

నవ్వకండి పిల్లలూ. అది మామూలు తలపాగా కాదు. లంకలో ప్రతి ఇంటివాళ్ళూ తలా ఒక కండె నూలు వడికి ఇస్తే నేసిన పాగా అది. పసుపు రంగు. చూడ్డానికి సన్నం, పట్టుకుంటే గట్టి. ఎంత పొడుగంటే, వీధి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి పట్టుకున్నా మధ్యలో ఇంకా వేలాడేది. ఇంత పొడుగు దేనికమ్మా అని పిల్లలు అడిగితే, "ఏమో నాన్నా, మా తాతలనాటి నుంచీ ఇంతే" అనేవారు పెద్దలు. వాళ్ళకీ తెలియదన్నమాట.

లంకపెద్ద అయినవాళ్ళు ఆ పాగా చుట్టుకోవాలి. అంత పొడుగు గుడ్డ ఒక్కరూ చుట్టుకోలేరు కదా. అందుకని ఒకరు దూరంగా నిలబడి కొస బిగించి పట్టుకునేవారు. లంకపెద్ద రెండో కొస తలకి ఆనించుకుని, గిరగిరా తిరుగుతూ, చుట్టు మీద చుట్టు వేసుకుంటూ దగ్గరికి వచ్చేవాడు. అలా కొస పట్టినవాణ్ణి కొసదారు అనేవారు. కొసదారు ఎవరో లంకపెద్దే కోరుకోవచ్చు.

కొసదారుకి జీతం లేదు, గొడుగు లేదు, ఊరేగింపు లేదు. ఒకే ఒక్క హక్కు ఉండేది. సభలో అతను లంకపెద్ద వెనక కూర్చుంటాడు. పాగా కొస లంకపెద్ద వీపు మీదుగా వేలాడుతూ అతని ఒళ్ళో ఉంటుంది. లంకపెద్ద తప్పుదారి పడుతున్నాడు అనిపిస్తే ఒక్క గుంజు గుంజుతాడు. తల వెనక్కి వంగుతుంది, మాట ఆగుతుంది. ఆగి, కొసదారు చెప్పేది వినాలి. ఎంతటివాడైనా వినాల్సిందే.

ఇంకో సంగతి. సంతోషం వస్తే ఆ లంకవాళ్ళు రెండు చేతులూ ఆకాశానికెత్తి జై కొట్టేవారు. ఒక్క చెయ్యే ఎత్తితే అది సగం సంతోషమేనని వాళ్ళ నమ్మకం. ఈ చేతుల సంగతి గుర్తుపెట్టుకోండి. ముందుముందు దీనితో పనుంది.

ఆ లంకలో రేచన్న, బయ్యన్న అని ఇద్దరు పడవవాళ్ళు ఉండేవారు. ఊహ తెలిసిన నాటి నుంచీ ఇద్దరిదీ ఒకే పడవ. రేచన్న ముందు కూర్చుని తెడ్డు వేసేవాడు. బయ్యన్న వెనక కూర్చుని చుక్కాని పట్టేవాడు.

రేచన్న ఎలా ఉండేవాడనుకున్నారు! వెడల్పాటి భుజాలు. నీళ్ళ మీద ఎండ పడ్డట్టుండే నవ్వు. అతను పాట అందుకుంటే అవతలి ఒడ్డున ఆవులు కూడా మేత ఆపి చెవులు రిక్కించేవి. బయ్యన్నకి ఇవేవీ లేవు. పొట్టిగా, నల్లగా, మొహం ఎప్పుడూ చిటపటలాడుతూ ఉండేవాడు. నోరు తెరిస్తే తిట్టే.

"ఒరేయ్ రేచిగా, పాట తర్వాత పాడుదువు గానీ, సుడి వస్తోంది చూడు" అనేవాడు.

"ఒరేయ్ రేచిగా, ఒడ్డున ఆడపిల్లలు నవ్వారని తెడ్డు గాల్లో వేస్తున్నావు. నీళ్ళు కింద ఉన్నాయి" అనేవాడు.

రేచన్న పకపకా నవ్వేవాడు. రోజుకి నాలుగు తిట్లు పడకపోతే అతనికి ఆ రోజు పడవ నడిపినట్టే ఉండేది కాదు.

ఒక ఏడు పెళ్ళివారు పాయ అవతల వరదలో చిక్కుకుపోయారు. పెళ్ళికూతురు బుట్టతో సహా చెట్టెక్కి కూర్చుంది. ఎవరికీ పడవ వేసే ధైర్యం లేకపోయింది. వీళ్ళిద్దరూ వేశారు. కెరటం మీద కెరటం దాటుకుంటూ వెళ్ళి అందర్నీ తెచ్చారు. పెళ్ళికూతురు బుట్ట కూడా తడవలేదు.

ఒడ్డున జనం చూశారు. వాళ్ళకి ముందు కూర్చున్నవాడు కనిపించాడు. రొమ్ము విరిచి, తెడ్డు పైకెత్తి, తడిసిన జుట్టు వెనక్కి ఎగరేస్తూ వచ్చే రేచన్న కనిపించాడు. ఆ వెనక, నీళ్ళజల్లులో మునిగితేలుతూ పళ్ళ బిగువున చుక్కాని పట్టిన బయ్యన్న ఎవరికీ కనిపించలేదు. ఎలా కనిపిస్తాడు? అతని మొహం నిండా నీళ్ళే.

"రేచన్నకు జై!" అని లంకంతా చేతులెత్తింది.

ఆ మరుసటి ఏడే పాత లంకపెద్ద కాలం చేశాడు. కొత్త పెద్దని ఎంచుకోవాలి. లంకలో అది కూడా ఎంత అందమైన పద్ధతో! పువ్వుల పున్నమి అంటారు దాన్ని, పెద్ద పోయినప్పుడే కాదు, కొన్నేళ్ళకోసారి కూడా జరుపుతారు. పున్నమి నాటి ఉదయం, పెద్దరికం కోరేవాళ్ళు తమ ఖాళీ పడవలు ఒడ్డున కట్టేస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పెరటి పువ్వు ఒకటి తెచ్చి, నచ్చినవాళ్ళ పడవలో వేస్తారు. చాటూ మాటూ ఏమీ లేదు. ఎవరి పెరట్లో ఏ పువ్వు పూస్తుందో అందరికీ తెలిసిందే.

రెండు పడవలు నిలిచాయి. ఒకటి రేచన్నది. ఇంకొకటి గౌరసాని అనే ముసలావిడది. పడవలు చెక్కే ఇంటి ఆడపడుచు, నిదానస్తురాలు.

మధ్యాహ్నానికి రేచన్న పడవ పువ్వులతో పొంగిపోయింది. మందారాలు, చామంతులు, ముద్దగన్నేర్లు, బంతులు. ఇంద్రధనుస్సు దిగివచ్చి పడవలో పడుకుందేమో అన్నట్టుంది. జనం జై కొడుతుంటే రేచన్న మోకాళ్ళ మీద కూర్చుని ఆ పువ్వుల్లో ఏదో వెతకసాగాడు.

దేవగన్నేరు కోసం. లంక మొత్తానికి దేవగన్నేరు చెట్టు ఒక్కటే. అది బయ్యన్న పెరట్లో ఉంది. తెల్లటి రేకులు, నడుమ పసుపు. ఎంత వెతికినా ఆ పువ్వు దొరకలేదు. తల తిప్పి చూస్తే గౌరసాని పడవలో, ఉన్న కాసిని పువ్వుల మీద, తెల్లగా కనిపించింది.

పడవ నిండా పువ్వులున్నా ఆ క్షణాన రేచన్నకి అవేవీ కనబడలేదు. లేని ఆ ఒక్క పువ్వే కనబడింది.

"ఏరా, నీ పువ్వు అక్కడుందేం?" అని బయ్యన్నని అడిగాడు.

"నేనే వేశాను" అన్నాడు బయ్యన్న.

"ఎందుకురా?"

"నువ్వు మంచోడివేరా. ధైర్యం ఉంది, మనసుంది. కానీ ఎవరైనా కాస్త పొగిడితే వారం దాకా నీ కాళ్ళు నేలకి ఆనవు. ఇంకో రెండేళ్ళు ఆగితే బాగుంటుందనిపించింది. అనిపించింది చేశాను."

"నువ్వు నా స్నేహితుడివి కావా?"

"కాకపోతే పువ్వు అక్కడ వేసి, నీ దగ్గరికొచ్చి పళ్ళికిలించేవాణ్ణి. మొహమ్మీద చెప్పేవాణ్ణా?"

పిల్లలూ, రేచన్న గుండెలో ఒక ముల్లు దిగింది. ముల్లు దిగినవాడు దారి చూడడు, ముల్లునే చూస్తాడు.

పాగా చుట్టే వేళ అయింది. "కొసదారుగా ఎవరిని కోరుకుంటావు?" అని పెద్దలు అడిగారు. లంకంతా బయ్యన్న వైపు చూసింది. రేచన్న మాత్రం అటు చూడలేదు.

"నాకు పువ్వు వేసినవాళ్ళే నా వాళ్ళు. అందరికన్నా ముందు పువ్వు వేసింది కస్తూరయ్య. ఆయన్నే పిలుస్తున్నాను" అన్నాడు.

కస్తూరయ్యకి తమలపాకు తోటలు ఉండేవి. తెల్లటి లాల్చీ, ఎర్రటి పెదాలు, శంఖం లాంటి గొంతు. ఆయన జై కొడితే అవతలి గట్టున కొంగలు లేచిపోయేవి. మంచివాడే, పాపం. చెడ్డవాడని నేను చెప్పను.

కస్తూరయ్య పరుగున వచ్చి కొస పట్టాడు. రేచన్న తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండో చుట్టు. "అబ్బ, ఏమి తేజస్సు! రేచన్నకు జై!" అని కస్తూరయ్య చేతులు రెండూ పైకెత్తేశాడు. కొస కింద పడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ సంతోషం వచ్చింది, మళ్ళీ చేతులు లేచాయి. ఇలా వదులుతూ పడుతూ చుట్టేసరికి పాగా వదులుగా, బూరెలా పొంగి కూర్చుంది. కానీ ఎంత అందంగా ఉందో! తల మీద పసుపు మబ్బు వాలినట్టుంది.

జనమంతా ఆహా అన్నారు. బయ్యన్న మాత్రం, "వదులైందిరా. గాలి కొడితే కళ్ళ మీదికి జారుతుంది" అన్నాడు.

"నీకు అందం తెలియదులే" అన్నాడు రేచన్న. ఆ రోజు నుంచి చాలాకాలం వాళ్ళ పడవలో ఇద్దరూ కలిసి కూర్చోలేదు.

కొన్నాళ్ళకి రేచన్న సభ పిలిచాడు.

"మన లంక ముక్కు మీద రెల్లు కొట్టించి విజయ మండపం కట్టిద్దాం. పైనుంచి వచ్చే ప్రతి పడవకీ మొట్టమొదట మన మండపమే కనిపించాలి. పతకాల లంక పేరు ఏడేడు ఊళ్ళు పాకాలి!"

లంక ముక్కు అంటే నది వచ్చి తాకే చోటు. అక్కడ మనిషెత్తు రెల్లు పెరిగి ఉండేది. శరత్కాలంలో తెల్లగా పూసి నదికి చామరం వీచేది.

"ఒరేయ్ రేచిగా, ఆ రెల్లు కొట్టకురా" అని బయ్యన్న లేచాడు. "అక్కడ నది నేరుగా వచ్చి గుద్దుతుంది. ఆ వేళ్ళే మట్టిని పట్టుకుని ఉన్నాయి. పడవ మీద వెళ్ళేటప్పుడు నువ్వూ చూశావు కదా."

రేచన్న ఒక్క క్షణం తడబడ్డాడు. చూశాడు మరి. అప్పుడు గనక వెనక నుంచి ఒక్క గుంజు పడి ఉంటే ఆగిపోయేవాడే. కానీ కస్తూరయ్య చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. "విజయ మండపానికి జై!" కొస ఆయన ఒళ్ళోంచి జారి నేల మీద పడుంది.

రెల్లు కొట్టేశారు. మండపం లేచింది. తాటి స్తంభాలు, రంగురంగుల తెరలు, చుట్టూ బంతిమొక్కలు. నిజంగానే దూరం నుంచి కలలా కనిపించేది.

రెండోసారి బయ్యన్న సభలో లేచాడు. "సరే, కట్టావు. కనీసం ఆ ఒడ్డుకి వెదురు తడికలైనా కట్టించరా, రాళ్ళు వేయించరా. మట్టి అప్పుడే రాలుతోంది."

రేచన్న మొహం ఎర్రబడింది. "బయ్యన్నా, ఇది సభ. ఇక్కడ ఏరా, ఒరేయ్ ఏమిటి? పెద్దగారూ అని పిలువు."

సభ అంతా బిగుసుకుపోయింది. బయ్యన్న చేతులు కట్టుకుని, "చిత్తం పెద్దగారూ" అన్నాడు.

పెద్దరికం వచ్చాక ఆ మాట రేచన్న ఎందరి నోటో విన్నాడు, విన్న ప్రతిసారీ తియ్యగానే ఉండేది. ఆ నోటి నుంచి వచ్చేసరికి మాత్రం చేదుగా తగిలింది. ఎందుకో అతనికే అర్థం కాలేదు.

"పెద్దగారికి జై!" అన్నాడు కస్తూరయ్య. ఆ సందడిలో తడికల మాట కొట్టుకుపోయింది.

వానాకాలం వచ్చింది. మండపంలో గొప్ప జాతర చేయాలని రేచన్న చాటింపు వేయించాడు. జాతర ముందు రోజు సాయంత్రం బయ్యన్న అతని ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. ఒకప్పుడు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కుండలో చెయ్యి పెట్టి చేప ముక్క తినేవాడు!

"పెద్దగారూ, నదికి ఎర్రనీరు తగిలింది. పైన ఎక్కడో గట్టిగా కురిసింది. రేపు మండపంలో జాతర వద్దండి. ఊరి నడుమ చేయించండి."

రేచన్న గుండెలో ముల్లు కదిలింది. "నీకు నా గెలుపు ఇష్టం లేదు. నీ పువ్వే నాకు పడలేదు, నా జాతర మీద నీకు ప్రేమ ఎక్కడిది?"

"పువ్వు వేయలేదు, నిజమేనండి" అన్నాడు బయ్యన్న నెమ్మదిగా. "చుక్కాని మాత్రం ఏనాడూ వదల్లేదు కదండీ." అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పక్కనే ఉన్న కస్తూరయ్య, "అసూయండీ పెద్దగారూ, అంతే" అన్నాడు. అయినా ఆ రోజు రేచన్నకి అన్నం సహించలేదు.

తెల్లవారింది. జాతర బట్టలు కట్టుకుని లంకంతా ముక్కు వైపు కదిలింది. ముగ్గురు చిన్నపిల్లలు అందరికన్నా ముందే పరిగెత్తి, మండపానికి బంతిమాలలు కడుతున్నారు. జనం ఇంకా దారిలో ఉండగానే ఏనుగుల మంద వస్తున్న చప్పుడు వినిపించింది. నది!

ఎర్రటి నీరు గోడలా వచ్చి లంక ముక్కుని గుద్దింది. రెల్లు లేని మట్టి బెల్లంలా కరిగింది. అందరూ చూస్తుండగా మండపానికీ లంకకీ మధ్య గండి పడింది. నీళ్ళు హోరున దూకాయి. అవతల మండపం, ముగ్గురు పిల్లలు. ఇవతల జనం.

"అమ్మా!" అని పిల్లలు ఏడ్చారు.

రేచన్న ఒక్క క్షణం ఆగలేదు. అదుగో, అదే రేచన్న అంటే! పట్టుపంచె పైకి దోపి, పాగా కొస నడుముకి బిగించి, గండి ఇంకా వెడల్పు కాకముందే నీళ్ళలోకి దూకాడు. నది అతన్ని విసిరింది, ముంచింది, తిప్పింది. అయినా ఈది అవతల తేలాడు. పిల్లలు అతని కాళ్ళు చుట్టేసుకున్నారు. ఒడ్డున చేతులన్నీ పైకి లేచాయి. "రేచన్నకు జై!"

కానీ గండి ఇంకా ఇంకా వెడల్పవుతోంది. ఆ సుళ్ళలో పడవ వేస్తే అది గడ్డిపరకే. పిల్లల్ని మోస్తూ ఈదడం ఎవరి తరమూ కాదు. మండపం కింద మట్టి ముద్దలు ముద్దలుగా ఊడిపోతోంది. తాడు కావాలి. అంత పొడుగు తాడు లంకలో ఎవరి దగ్గరా లేదు.

పాగా జారి రేచన్న కళ్ళ మీద పడింది. దాన్ని చేత్తో పట్టుకుని, ఆ గుడ్డ వంకే చూస్తూ ఉండిపోయాడు. మరుక్షణం గబగబా విప్పేశాడు. ఒక కొస మండపం స్తంభానికి కట్టాడు. రెండో కొసకి పూజ కోసం తెచ్చిన కొబ్బరికాయ ముడివేసి, బలమంతా చేర్చి అవతలికి విసిరాడు.

కొబ్బరికాయ ఒడ్డున పడింది. పసుపు గుడ్డ గండి మీద ఈ చివర నుంచి ఆ చివరికి చాచుకుని నిలిచింది. సరిగ్గా సరిపోయింది!

"నేనున్నాను పెద్దగారూ!" అని కస్తూరయ్యే ముందుగా కొస పట్టాడు. రేచన్న చిన్నపిల్లని వీపు మీద కట్టుకుని, గుడ్డ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ సగం దూరం వచ్చాడు. సుడి ఒకటి తల మీదుగా పోయినా గుడ్డ వదల్లేదు. చూస్తున్నవాళ్ళ ఒళ్ళు పులకరించింది.

కస్తూరయ్యకి పట్టలేని సంతోషం వచ్చింది. "రేచన్నకు జై!"

రెండు చేతులూ పైకి లేచాయి.

కొస నీళ్ళలో పడింది. రేచన్న, పిల్ల కలిసి కొట్టుకుపోయారు. స్తంభానికి కట్టిన వైపు ఇంకా చేతిలో ఉండబట్టి, నది వాళ్ళని గిరాటు వేసి మళ్ళీ మండపం మట్టికే తెచ్చి కొట్టింది. పిల్ల దగ్గుతోంది. రేచన్న నుదురు చిట్లింది. తల పైకెత్తి ఒడ్డు వైపు చూశాడు. పడవ నిండా పువ్వులు వేసిన జనమంతా అక్కడే ఉన్నారు. అయినా అతనికి ఆ క్షణాన లోకంలో తను ఒక్కడే మిగిలినట్టు అనిపించింది.

అప్పుడు వినిపించింది.

"ఒరేయ్ రేచిగా!"

భుజాన వెదురు తడికలు మోసుకుంటూ ఒక పొట్టి మనిషి పరిగెత్తుకొస్తున్నాడు. ఎవరూ చెప్పకపోయినా ఆ ఒడ్డుకి తడికలు కడదామని తెల్లవారకముందే వెదుళ్ళు కొట్టడానికి వెళ్ళాడు బయ్యన్న. తడికలు విసిరేసి మెడలోతు నీళ్ళలోకి దూకాడు. కొబ్బరికాయతో పాటు గట్టు పక్కనే తేలుతున్న కొస పళ్ళతో కరిచి పట్టుకుని ఒడ్డెక్కాడు. దాన్ని నడుముకి చుట్టుకుని, చేతులకి మెలిపెట్టుకుని, తాటిమొద్దుకి రెండు పాదాలూ తన్నిపెట్టి వెనక్కి వాలాడు.

"ఇప్పుడు రారా! చూస్తావేంటి మొద్దులా?"

ఆ తిట్టు చెవిన పడగానే రేచన్న గుండెలో ముల్లు ఎప్పుడు ఊడిందో కూడా తెలియలేదు. ఏడుస్తూ నవ్వాడు. చిన్నపిల్లని తెచ్చి ఒడ్డున దించాడు. వెళ్ళి రెండోవాణ్ణి తెచ్చాడు. వెళ్ళి మూడోవాణ్ణి వీపున కట్టుకున్నాడు. బయ్యన్న అరచేతులు గుడ్డ ఒరుసుకుని రక్తం కారుతున్నాయి. చేతులు వదల్లేదు, జై కొట్టలేదు. తిట్టడం మాత్రం ఆపలేదు.

"కుడికి రారా, కుడికి! ఎడమ సుడి ఉంది! చిన్నప్పట్నుంచీ చెప్తున్నా, వింటేగా!"

మూడోసారి సగం దూరంలో ఉండగా పెళపెళమంటూ విజయ మండపం కూలింది. స్తంభం నదిలో పడి, దాని కొస ఊడిపోయింది. ఇక రేచన్నకీ పిల్లవాడికీ మిగిలింది ఒకే ఒక్క కొస. అది బయ్యన్న నడుముకి ఉంది. నది ముగ్గుర్నీ కలిపి లాగింది. బయ్యన్న పాదాలు మొద్దు మీంచి జారాయి. గట్టు అంచు దాకా ఈడ్చుకుపోయాడు.

గౌరసాని ముందుకురికి బయ్యన్న నడుము రెండు చేతులా పట్టేసుకుంది. "ఏం చూస్తున్నార్రా!" అని అరిచింది. "చేతులు దించండి! దించి పట్టండి!"

అప్పుడు కదిలింది లంక. గౌరసాని వెనక ఒకరు, ఆ వెనక ఒకరు, ఇంకొకరు. ఆడా మగా, ముసలీ ముతకా. కస్తూరయ్య కూడా ఏడుస్తూ వచ్చి వరసలో పట్టాడు. ఎవరూ జై కొట్టలేదు. ఏలో ఏలో అంటూ అందరూ ఒక్క ఊపున లాగారు. నది గుంజింది, లంక గుంజింది. ఆ రోజు లంకే గెలిచింది.

రేచన్న ఒడ్డున పడ్డాడు. పిల్లవాడు తల్లి ఒళ్ళో పడ్డాడు. ఆయాసం తీరాక రేచన్న పాకుతూ బయ్యన్న దగ్గరికి వెళ్ళి, ఆ నెత్తుటి చేతులు తన కళ్ళకి అద్దుకున్నాడు.

"పెద్దగారూ, మట్టి అంటుకుంటుందండి" అన్నాడు బయ్యన్న.

"ఇంకోసారి పెద్దగారూ అంటే నదిలో తోసేస్తాను."

"సరేరా రేచిగా. ముందు ఆ నుదుటికి పసుపు పెట్టుకో."

పాగా ఎందుకంత పొడుగో ఆ రోజు లంకకి తెలిసింది. గండి ఎంత వెడల్పో పాగా అంత పొడుగు. ఏనాడో ఏ తాతలో ఇలాంటి గండినే చూసి ఉంటారు. చూసి, తాడుని తలకి చుట్టుకోమన్నారు.

వరద తీశాక రేచన్న సభ పిలిచాడు. పాగా లేకుండా, ఉత్త తలతో లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది. రెల్లు కొట్టించింది నేను. మళ్ళీ నాటించేది నేనే, నా చేతులతో. ఈ పెద్దరికం నాకు ఉంచాలో తీసేయాలో మీ ఇష్టం. ఉంచితే మాత్రం పాగా మళ్ళీ చుట్టుకుంటాను, బయ్యన్న కొస పడితేనే."

కస్తూరయ్య తల దించుకుని వచ్చాడు. "నేను మోసం చేయలేదు నాయనా. నిజంగా సంతోషం వచ్చింది. చేతులు వాటంతటవే లేచాయి."

"నాకు తెలుసు కస్తూరయ్య బాబాయ్" అన్నాడు రేచన్న. "నీ జై నిజమైనదే. అది నాకు కావాలి, నా మీద కోపంతో మానేయకు. కాకపోతే నీది జై కొట్టే చెయ్యి. కొస పట్టే చెయ్యి వేరు. ఆ తేడా తెలియకపోవడం నా తప్పు."

పెద్దరికం ఉంచారు. బయ్యన్న కట్లు కట్టిన చేతులతో కొస పట్టాడు. ఎంత బిగించి పట్టాడంటే పాగా చిన్నదై, తలకి అతుక్కుపోయింది. అందం చందం ఏమీ లేదు. పైగా నది ఎరుపు ఆ పసుపుని ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు.

"తల నొప్పెడుతోందిరా" అన్నాడు రేచన్న.

"పెట్టనీ. తల ఒకటుందని గుర్తుంటుంది."

లంకంతా ఘొల్లున నవ్వింది. ఆ ఎర్రమరక పాగాని చూసి వాళ్ళు ఎంత గర్వపడేవారో చెప్పలేను. పరాయి ఊళ్ళవాళ్ళు బంగారు కిరీటాల గురించి చెబితే, "మీ కిరీటం ముగ్గురు పిల్లల్ని నది దాటించిందా?" అని అడిగేవారట.

చేతులు మానేదాకా బయ్యన్న చుక్కాని పట్టలేకపోయాడు. అన్నాళ్ళూ లంకపెద్దే పడవ వెనక కూర్చుని చుక్కాని పట్టాడు. బయ్యన్న ముందు కూర్చుని, వెనక్కి తిరిగి మరీ తిట్టాడు.

"మళ్ళీ పువ్వుల పున్నమి వస్తే నాకు వేస్తావట్రా?" అని ఒకరోజు రేచన్న అడిగాడు.

"చూద్దాం" అన్నాడు బయ్యన్న.

ఏళ్ళు గడిచాయి. లంక ముక్కు మీద రెల్లు మళ్ళీ మనిషెత్తు పెరిగి తెల్లగా పూసింది. సభలో పాగా కొస ఎన్నోసార్లు గుంజుకుంది, రేచన్న అన్నిసార్లూ ఆగాడు. ఆగిన ప్రతిసారీ కొందరికి కోపాలు వచ్చాయి. అందుకేనేమో, మళ్ళీ పువ్వుల పున్నమి వచ్చిన నాడు అతని పడవలో పువ్వులు మునుపటిలా పొంగలేదు. గెలిచేందుకు సరిపడా పడ్డాయి, అంతే.

రేచన్న వాటి దగ్గర కూర్చున్నాడు. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది. అన్నిటికన్నా పైన, తెల్లటి రేకులతో, నడుమ పసుపుతో, ఒక దేవగన్నేరు పువ్వు ఉంది. అతను దాన్ని తీసి బిగుతు పాగా మడతలో దోపుకుని, రొమ్ము విరిచి లంక వైపు తిరిగాడు. ఆ వేళ అతని మొహం చూడాలి మీరు!

కథ కంచికి వెళ్ళే ముందు ఈ ఒక్క మాట మనసులో ముడివేసుకోండి పిల్లలూ: మనం గెలిచినప్పుడు చేతులెత్తి జై కొట్టేవాళ్ళు మన బలగం, వాళ్ళని గౌరవించాలి; కానీ మనకి ఎదురు చెప్పి కూడా, మనం కొట్టుకుపోయే వేళ రెండు చేతులూ దించి కొస పట్టుకునేవాడే మన స్నేహితుడు, నాయకుడైనవాడు అతన్ని వెనకే కూర్చోబెట్టుకోవాలి.